పండుగలో పిల్లలకు పనేది?

తండ్రి చనిపోయిన మర్నాడే పెద్దకొడుకు క్షవరం చేయించుకొని, ఇంటికొచ్చి కోడికూర తిన్నాడు. ఇది తప్పా, కాదా? తప్పయితే ఎంత తప్పు?

రిచర్డ్ ష్వెడర్ అనే అమెరికా పండితుడు, ఆయన సహచరులు ఇలాంటి 39 సంగతులు రాసుకొని భువనేశ్వర్‌లోనూ షికాగోలోనూ పిల్లలను, పెద్దలను అడిగారు. ఆ పరిశోధన 1987లో అచ్చయింది. భువనేశ్వర్‌లోని బ్రాహ్మణ ఇళ్లలో దీన్ని అతి పెద్ద తప్పుల్లో ఒకటిగా లెక్కగట్టారు. షికాగో వాళ్లకు ఇందులో తప్పేముందో అర్థం కాలేదు. జుట్టు వాడిది, ఆకలి వాడిది, మధ్యలో మనమెవరం అన్నారు.

వరంగల్ పక్కన ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను సాంఘిక శాస్త్రం చెబుతాను. ఇదే ప్రశ్న మా పదో తరగతి పిల్లలను అడిగాను. భువనేశ్వర్ పిల్లల్లాగే నోళ్లు నొక్కుకుంటారని అనుకుంటారు ఎవరైనా. వెనక బెంచీలోంచి ఒక పిల్లాడు లేచి, "క్షవరం తప్పే మేడం. కోడి తప్పెట్లయితది? మూడో దినం పిట్టకు పెట్టాలె కదా. మా తాతకు కోడి కోసినం, కల్లు గూడ పోసినం" అన్నాడు. సగం తరగతి తలూపింది. చనిపోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా ఇంటిల్లిపాదీ దూరంగా నిలబడి ఎదురుచూడటం మా పల్లెల్లో చూడని పిల్లలు ఉండరు. కాకి రాకపోతే మొదలవుతుంది అసలు టెన్షన్. ముసలాయనకు ఎవరి మీద అలక, ఏ మాట మిగిలిపోయింది, ఎవరు ఏం ఒప్పుకోవాలి అని.

ముందు వరుసలోని ఒక ముస్లిం అమ్మాయి, తమ ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించరని, చుట్టాలు, పక్కింటివాళ్లు తెచ్చిందే తింటారని చెప్పింది. తెచ్చింది చికెన్ బిర్యానీ అయితే అదే తింటారట. చర్చికి వెళ్లే పిల్లలు ఇద్దరు ముగ్గురు తమకు అసలు ఇలాంటి నియమమే లేదని, ప్రార్థన పెట్టి అన్నం పెడతారని అన్నారు. ఒకే ఒక్క అబ్బాయి మాత్రం భువనేశ్వర్ జవాబు చెప్పాడు. పదకొండో రోజు దాకా ఉప్పూకారం కూడా చూసి తినాలని వాళ్ల నాయనమ్మ చెప్పిందట.

పిట్టకు కోడి పెట్టే పిల్లాడూ హిందువే, చప్పిడి తినాలన్న పిల్లాడూ హిందువే. ఒకే మతం, ఒకే మండలం, ఒకే బెంచీ. మతం పిల్లలకు విలువలు నేర్పుతుందని మనం తేలిగ్గా అంటాం గాని, పదిహేనేళ్ల పిల్లవాడికి మతమంటే పుస్తకం కాదు. ఇంట్లో చావు జరిగినప్పుడు ఎవరు ఏం చేశారు, తనకు ఏ పని చెప్పారు, తను ఎక్కడ నిలబడ్డాడు అన్నదే వాడి మతం. పిల్లలు విలువలను చెవులతో తక్కువ, చేతులతో ఎక్కువ నేర్చుకుంటారని నా నమ్మకం. మరి ఈ మధ్య వాళ్ల చేతుల్లో మనం ఏం పెడుతున్నాం?

ఏ పెళ్లికి వెళ్లినా భోజనాల దగ్గర ఒక మాట వినిపిస్తుంది. ఈ కాలం పిల్లలకు భయం లేదు, భక్తి లేదు, పెద్దాచిన్నా లేదు, ఫోనే లోకం అని. అనేవాళ్లు ఫోన్లో రీల్స్ చూసుకుంటూనే అంటారు, అది వేరే సంగతి. నేను వాళ్లను ఒకటే అడుగుతాను. పోయిన బతుకమ్మకు మీ పిల్లవాడు ఏం చేశాడు?

మా చిన్నప్పుడు పెత్రమాస, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్య, వచ్చిందంటే మగపిల్లలకు పొద్దున్నే పని పడేది. సంచీ, కొడవలి పట్టుకొని పొలం గట్ల మీదికి గునుగు కోయడానికి, గుట్టల దిక్కు తంగేడు కోయడానికి పోయేవాళ్లు. ఎవరి చెలక దగ్గర గునుగు బాగుంటుందో, ఎవరు కోయనిస్తారో, ఎవరు తిడతారో వాళ్లకు తెలిసుండాలి. ఇంటికొచ్చాక గునుగు కాడలన్నీ ఒక్క కొలతకు కత్తిరించడం, కుచ్చులను రంగునీళ్లలో ముంచి ఆరబెట్టడం ఆడపిల్లల పని. తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి వరుస మొదలుపెట్టేది మా అమ్మమ్మ. రెండు వరుసలు పేర్చి, మూడోది నాకు ఇచ్చేది. వరుస వంకర పోతే తిట్టేది కాదు. నడుమ నింపిన ఆకుల తుంట సరిగా కూరలేదని చూపించి, విప్పి మళ్లీ పేర్పించేది. బయటికి కనపడని ఆ నడిమి భాగం గట్టిగా లేకపోతే చెరువు గట్టు దాకా పోకముందే బతుకమ్మ ఒరిగిపోతుందని నాకు ఎవరూ ఉపన్యాసం చెప్పలేదు. ఒకసారి నడివీధిలో ఒరిగింది, తెలిసింది.

ఇప్పుడు హనుమకొండ చౌరస్తాలో గునుగు, తంగేడు కట్టలు కట్టి అమ్ముతున్నారు. అమ్మేవాళ్లకు నాలుగు డబ్బులు రావడం మంచిదే. కాకపోతే నాన్న స్కూటీ మీద పోయి కట్ట కొనుక్కొస్తాడు, అమ్మ యూట్యూబ్ చూసి పేరుస్తుంది, పిల్ల స్టడీ అవర్ ముగించుకొని వచ్చి, పట్టు లంగా కట్టుకొని సెల్ఫీ దిగుతుంది. ఇంటర్ పిల్లలకైతే ఆ సెల్ఫీ కూడా అనుమానమే. బడులకు ఇచ్చినన్ని దసరా సెలవులు జూనియర్ కాలేజీలకు ఉండవు. హాస్టల్ పిల్లలు సద్దుల బతుకమ్మ నాటికి ఇంటికి చేరితే అదృష్టం. జమ్మి ఆకు పెట్టి పెద్దల కాళ్లు మొక్కి, మర్నాడు బస్సెక్కేస్తారు. పని తీసేసి పండుగ మాత్రం ఉంచి, పిల్లలకు సంస్కృతి మీద ప్రేమ లేదంటున్నాం.

పాత పండుగను నేను ఆకాశానికి ఎత్తడం లేదు. చాలా ఊళ్లలో వాడకో బతుకమ్మ ఉండేది, ఆ వాడ బతుకమ్మ ఈ వాడలోకి వచ్చేది కాదు. పువ్వులు కోయడంతో పాటు అది కూడా నేర్చుకున్నాం మేం. ఎవరి చెలకలో కోయవచ్చో తెలుసుకోవడం అంటే ఎవరు ఎవరింటి గడప దాటకూడదో తెలుసుకోవడం కూడా. చేతులతో నేర్చుకున్నది గట్టిగా నిలబడుతుందని అన్నాను గదా, చెడుకూ అదే బలం.

ఈ విషయంలో జపాన్ నన్ను బాగా ఆలోచింపజేస్తుంది. అక్కడి బడుల్లో పిల్లలే తరగతి గది, వరండా తుడుస్తారు. బౌద్ధ మఠాల్లో ఊడ్చడం, తుడవడం సాధనలో భాగం. నలుగురూ వాడే చోటును నలుగురూ శుభ్రం చేయాలన్న బుద్ధి చిన్నప్పుడే అలవడుతుంది. ఇది చదివి, మన బడుల్లో కూడా పిల్లలతో ఊడిపిద్దాం అని ఉత్సాహపడే అధికారులు, తోటి టీచర్లు నాకు చాలామంది తెలుసు. ఆగండి. మన దగ్గర చీపురు ఎవరి చేతికి ఇస్తారన్నది ముందు ప్రశ్న. ఫలానా వాడ పిల్లలనే మరుగుదొడ్లు కడగమన్న చరిత్ర ఈ దేశంలో ఉంది, ఇంకా పోలేదు. అందుకే బడిలో పిల్ల చేతిలో చీపురు చూస్తే తల్లిదండ్రులు గొడవకు వస్తారు, వాళ్ల కోపం న్యాయమైనదే. అక్కడ సమానత్వం నేర్పే చీపురే ఇక్కడ అవమానం నేర్పగలదు. ఇక్కడ ఊడిపించాలంటే టీచరు కొడుకుతో మొదలుపెట్టాలి, వంతులు గోడ మీద రాసి పెట్టాలి, హెడ్మాస్టరు కూడా ఒక రోజు పట్టుకోవాలి. మా బడిలో అలా చేశాం, కొన్నాళ్లు నడిచింది కూడా. తరువాత పదో తరగతి స్పెషల్ క్లాసులు మొదలయ్యాయి.

పిల్లలు పెద్దవాళ్లయ్యారని గుర్తించే తంతు ప్రపంచంలో చాలాచోట్ల ఉంది. యూదుల్లో మగపిల్లాడికి 13 ఏళ్లు రాగానే బార్ మిట్జ్వా చేస్తారు. అది ఉత్త విందు కాదు. నెలల తరబడి హీబ్రూ నేర్చుకొని, సమాజం మొత్తం ముందు నిలబడి, తమ పవిత్ర గ్రంథం తోరా నుంచి తన భాగం చదవాలి. చాలాచోట్ల, తను చదివిన దాని మీద నాలుగు మాటలు మాట్లాడాలి కూడా. ఆడపిల్లకు 12 ఏళ్లకు బాట్ మిట్జ్వా. నార్వేలో 14, 15 ఏళ్ల పిల్లలు చర్చిలో కన్ఫర్మేషన్ తీసుకోవడం, అంటే తమ విశ్వాసాన్ని అందరి ముందూ స్థిరపరచుకోవడం, పాత ఆచారం. దేవుడి మీద నమ్మకం లేని కుటుంబాల కోసం 1951 నుంచి అక్కడి మానవవాదులు తమ కన్ఫర్మేషన్ కూడా నడుపుతున్నారు. పిల్లలు కొన్ని వారాలు క్లాసులకు వెళ్లి న్యాయం, బాధ్యత, మనుషుల హక్కుల మీద వాదించుకుంటారు, ఆ తరువాతే వేడుక. దేవుణ్ణి పక్కన పెట్టినా తంతును వదులుకోలేదు చూడండి, పిల్లలకు అదెంత అవసరమో వాళ్లు గ్రహించారు.

మన దగ్గర అమ్మాయికి చీర ఫంక్షన్, అబ్బాయికి ధోతి ఫంక్షన్. మేనమామ బట్టలు పెడతాడు, ఫంక్షన్ హాలు, డ్రోన్ కెమెరా, గేటు దగ్గర నిలువెత్తు ఫ్లెక్సీ, లోపల మటన్. ఆ పిల్లాడి పని సింహాసనం లాంటి కుర్చీలో కూర్చొని అక్షింతలు వేయించుకోవడం. నాలుగు గంటలు కూర్చొని లేచాక వాడికి కొత్తగా ఏం చేతకావాలి? ఇంటి లెక్క రాయమనలేదు, తాత పేరున ఉన్న పొలం సర్వే నంబరు చెప్పలేదు, కనీసం వచ్చిన చుట్టాల్లో ఎవరు ఏమవుతారో పరిచయం చేయలేదు. ఇక అమ్మాయి సంగతి ఇంకా ఘోరం. ఆ పిల్ల శరీరంలో వచ్చిన మార్పును ఊరంతా ఫ్లెక్సీలో చదివింది, మర్నాటి నుంచి ఆ పిల్లకే బయటికి వెళ్లడానికి లెక్కలు, వేళలు.

అమ్మాయిల మాట వచ్చింది కాబట్టి, ష్వెడర్ జాబితాలో ఇంకో ప్రశ్న. భర్తకు చెప్పకుండా ఒక ఆమె ఒంటరిగా సినిమాకు వెళ్లింది. మళ్లీ వెళితే తంతానన్నాడు భర్త. ఆమె మళ్లీ వెళ్లింది, అతను కొట్టాడు. షికాగో వాళ్లకు అది పెద్ద తప్పు. భువనేశ్వర్‌లో, తప్పు కాదన్నారు. అది నలభై ఏళ్ల కిందటి ఒడిశా అనుకొని పక్కన పెడదామంటే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అడ్డొస్తుంది. అత్తమామలకు మర్యాద ఇవ్వకపోవడం, చెప్పకుండా బయటికి పోవడం, వంట సరిగా చేయకపోవడం లాంటి ఏడు కారణాల్లో కనీసం ఒకదానికైనా భర్త కొట్టడం సబబేనని తెలంగాణలో 84 శాతం మంది స్త్రీలు అన్నారు. సర్వేలో అడిగింది 15 ఏళ్ల నుంచి 49 ఏళ్ల వాళ్లను, అంటే మా బడి గేటు దాటిన పిల్లలు కూడా అందులో ఉంటారు. ఏ గుడిలో, ఏ మసీదులో, ఏ చర్చిలో ఈ పాఠం చెప్పారు? ఎవరూ చెప్పనక్కర లేదు. పక్కింట్లో అరుపులు వినపడ్డప్పుడు అమ్మ టీవీ సౌండు పెంచితే, ఆ పిల్ల అప్పుడే నేర్చుకుంది. మా సంస్కృతి గొప్పది అనే ప్రతి ఒక్కరూ ఈ అంకెను కూడా ఆ సంస్కృతి ఖాతాలోనే రాసుకోవాలి.

ఇప్పుడు పిల్లల చేతుల్లో మిగిలిన పని ఏదంటే, ఒకటి పరీక్ష. దక్షిణ కొరియాలో నవంబరులో కాలేజీ ప్రవేశ పరీక్ష జరిగే రోజు, ఇంగ్లిష్ వినికిడి పరీక్ష నడిచే ఆ కాసేపు దేశంలో విమానాలు ఎగరవు, దిగవు. అంతకుముందు వంద రోజులు తల్లులు బౌద్ధాలయాల్లో, చర్చిల్లో కూర్చొని ప్రార్థనలు చేస్తారు. నమ్మే దేవుళ్లు వేరైనా కోరిక ఒక్కటే. మన దగ్గర బాసరలో అక్షరాభ్యాసంతో మొదలయ్యే బంధం, భద్రకాళి అమ్మవారి పాదాల దగ్గర హాల్ టికెట్, పెన్నులు పెట్టడం దాకా సాగుతుంది. నేనూ పెట్టించాను మా అబ్బాయి చేత, పొరపాటేమీ కాదు. కానీ దేవుడితో పిల్లలకున్న మాటంతా ర్యాంకు గురించే అయితే, ర్యాంకు రాని రోజు వాళ్లకు మాట్లాడుకోవడానికి ఎవరున్నారు? 2019లో ఇంటర్ ఫలితాలు వచ్చాక మన రాష్ట్రంలో 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఇళ్లలో దేవుడి గది లేదనుకోవాలా?

రెండో పని ఊరేగింపు. నాకు ఇక్కడ రెండు మనసులు. వినాయక మండపం దగ్గర మగపిల్లలు నిజంగా పని చేస్తారు. చందా రసీదు పుస్తకం పట్టుకొని ఇల్లిల్లూ తిరుగుతారు, విగ్రహం బేరమాడతారు, కరెంటు కనెక్షన్‌కు లైన్‌మన్‌ను బతిమాలతారు, లడ్డూ వేలం లెక్క రాస్తారు, అన్నదానం రోజు నూరు మందికి వడ్డిస్తారు. నా దగ్గర లెక్కల్లో ఫెయిలయ్యే పిల్లాడు మండపం ఖాతా పైసాతో సహా చెప్పడం చూశాను. తొమ్మిది రోజుల్లో వాడికి వచ్చిన పెద్దరికం తొమ్మిది నెలల్లో నేను ఇవ్వలేకపోయాను. మండపంలో అమ్మాయిలు ఎందుకు లేరన్నది నా మొదటి తగువు. రెండోది చివరి రోజు డీజే. అది ఏ మతం జెండా అయినా సరే, పిల్లాడి చేతికి జెండా, బైకు ఇచ్చి, పక్క వీధిలో హారన్ గట్టిగా కొట్టమంటే వాడు దాన్ని కూడా పనే అనుకుంటాడు. ఇంట్లో, బడిలో వాడికి ఏ బాధ్యతా లేదు గనుక, మొదట పిలిచినవాడి వెంట పోతాడు. వాణ్ణి తిట్టి ఏం లాభం? వాడికి పని ఇవ్వడంలో ఆ పిలిచినవాడు మనకంటే చురుకు, అంతే.

మొహర్రంకు చేసే పీరీల పండుగ ఇంకోలా నేర్పేది. మా ఊళ్లో పీరీని ఎత్తుకునేవాళ్లలో హిందువులే ఎక్కువ. దట్టీ కట్టి, ఊదు వేసి, కుడుకలు సమర్పించి, గుండం చుట్టూ అసోయ్ దూలా ఆడిన పిల్లలకు, ఇది ఎవరి పండుగ అన్న ప్రశ్నే వచ్చేది కాదు. ఇప్పుడు అది రెండు వైపుల నుంచీ తగ్గుతోంది. అది అసలైన ఇస్లాం కాదని ఆ వైపు పెద్దలు, అది మన పండుగ కాదని ఈ వైపు పెద్దలు. కాజీపేట దర్గా ఉర్సుకు ఇంకా అన్ని మతాల వాళ్లూ వస్తారు. కానీ దర్గాకు వెళ్లి రావడం వేరు, ఊళ్లో పీరీ కింద భుజం పెట్టడం వేరు.

ఇక మేడారం. రెండేళ్లకోసారి మాఘంలో మా తరగతి సగం ఖాళీ అవుతుంది, హాజరు పట్టీ గురించి అప్పుడు నేను మాట్లాడను. ఆ పిల్లలు వరంగల్ కోట, వేయిస్తంభాల గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన రామప్ప చూసి కాకతీయుల గొప్పతనం మీద వ్యాసాలు రాసేవాళ్లే. కరువులో కప్పం కట్టలేమన్న కోయలపైకి కాకతీయుల సైన్యం వచ్చిందని, సమ్మక్క, ఆమె బిడ్డ సారలమ్మ ఎదురు నిలిచారని చెప్పే కథ దగ్గరికి వెళ్లి, తమ ఎత్తు బెల్లం ఇచ్చి మొక్కేదీ వాళ్లే. చిలకలగుట్ట నుంచి తల్లిని తెచ్చేది కోయ పూజారులు. ఎంత పెద్ద మంత్రి అయినా అక్కడ భక్తుడే. యుద్ధంలో గెలిచిన రాజును పుస్తకంలో చదివి, ఓడిన తల్లికి మొక్కే పిల్లల మనసులో రెండూ ఎలా ఇముడుతున్నాయని ఎప్పుడైనా అడిగామా? నేను అడిగాను. "రాజు కట్టింది మంచిగుంటది మేడం, గానీ మొక్కుబడి తల్లికే" అంది ఒకమ్మాయి. కప్పం ఎందుకు కట్టాలి అన్న చర్చకు మా సాంఘిక శాస్త్రంలో అంతకు మించిన పాఠం నాకు దొరకలేదు.

పెద్దలు పని ఇస్తే సరిపోతుందా అంటే, చాలదు. ఆ పని వద్దనే వీలు కూడా పిల్లలకు ఉండాలి. ఇక్కడే పెద్దలకు గొంతులో వెలక్కాయ పడుతుంది. అమెరికాలోని ఆమిష్ క్రైస్తవులు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. పదహారేళ్లు దాటాక పిల్లలను కొంతకాలం వదులుగా ఉంచి, పెద్దయ్యాక ఇష్టమైతేనే సంఘంలో చేరమంటారు. చాలామంది చేరతారు కూడా. వినడానికి ముచ్చటగా ఉంటుంది. అయితే వాళ్ల చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. ఆ తరువాత బడికి పంపబోమన్న తండ్రుల పక్షాన 1972లో అక్కడి సుప్రీం కోర్టు నిలిచింది. జస్టిస్ డగ్లస్ మాత్రం, తండ్రుల మాట విన్నాం సరే, పిల్లల మాటేమిటని విడిగా రాశాడు. ఎనిమిదితో చదువు ఆగిన పిల్లకు బయటి లోకంలో బతికే దారి ఎంత ఉంది, ఆమె ఒప్పుకోలు ఎంత ఇష్టపూర్వకం? నేను డగ్లస్ వైపే.

మన దేశంలో ఇలాంటిదే ఒకటి జరిగింది. కేరళలో 1985లో యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖ కుటుంబానికి చెందిన ముగ్గురు తోబుట్టువులను, జాతీయ గీతం పాడటం లేదని బడి నుంచి తీసేశారు. గీతం వచ్చినప్పుడు వాళ్లు మర్యాదగా లేచి నిలబడేవాళ్లు, పాడేవాళ్లు కాదు. 1986లో సుప్రీం కోర్టు ఆ పిల్లలను తిరిగి చేర్చుకోమంది. తీర్పు రాసింది మన తెలుగువాడే, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. ఆ పిల్లల నమ్మకం అమ్మానాన్నల నుంచి వచ్చిందే, అది నిజం. అయినా ఇంట్లో నేర్చుకున్నదాన్ని బడి మొత్తం ముందు నిలబెట్టుకోవడం బడి పిల్లలకు చిన్న పని కాదు.

పిల్లలు ఎదురు చెప్పడం మన సంస్కృతిలో లేదని నాతో వాదించేవాళ్లకు నేను జనగామ దిక్కు చూపిస్తాను. అక్కడి బమ్మెరలోనే పోతన భాగవతం తెలుగు చేశాడని ఇక్కడ మేమంతా నమ్ముతాం. అందులో మన ఇళ్లలో అందరికీ నోటికొచ్చిన కథ ప్రహ్లాదుడిది. తండ్రి నమ్మకాన్ని, తండ్రి పెట్టిన బడిని, గురువులు చెప్పిన పాఠాన్ని కాదన్న చిన్న పిల్లాడు. వాణ్ణి పూజిస్తాం, వాడి పద్యాలు పోటీల్లో చెప్పిస్తాం, బహుమతిగా స్టీలు గిన్నె ఇస్తాం. ఇంటికొచ్చి మన పిల్ల "నేను ఎంపీసీ తీసుకోను" అంటే హిరణ్యకశిపుడి గొంతు మనకు ఎక్కడి నుంచి వస్తుందో.

కేరళ కేసును మా పదో తరగతిలో చర్చకు పెట్టాను. పాడాల్సిందేనని ఎక్కువ మంది. లేచి నిలబడ్డారు గదా, ఇంకేం కావాలని కొందరు. చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్న ఒకమ్మాయి చివరికి లేచి, "కోర్టు ఊకుంది మేడం, గానీ మనం ఇంట్ల ఏదన్న చెయ్యనంటే ఊకుంటరా?" అంది. తరగతి గొల్లుమంది. నేను నవ్వలేదు, ఇంట్లో దేన్ని చెయ్యనని చెప్పాలని ఉందో ఒక్కొక్కరు రాసి ఇవ్వమన్నాను, పేరు రాయనక్కర లేదన్నాను. ఆ కాగితాలు వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో చదివి వినిపించబోతున్నాను. హెడ్మాస్టరు ఒప్పుకున్నారు, చాయ్ ఖర్చు నాదేనన్న షరతు మీద.